ముల్లు చూపేది, చూపనిది



పాత రికార్డింగ్ కన్సోల్ ఫొటోలు చూసే ఉంటారు. గాజు మూత వెనక సన్నని ముల్లు, పాటతోపాటు ఊగుతుంటుంది. అదే వీయూ మీటరు. 1939లో అమెరికాలో బెల్ ల్యాబ్స్, ఎన్‌బీసీ, సీబీఎస్ కలిసి స్థిరపరచిన ప్రమాణం అది.

మరి శబ్దాన్ని కొలిచే మీటరు, ఆ శబ్దాన్నే మారుస్తుందా? మారుస్తుంది, కొంచెం.

మీటరులో ఏసీని డీసీగా మార్చే చిన్న రెక్టిఫయర్ ఉంటుంది. పాట వెళ్లే లైను నుంచే అది కాస్త కరెంటు లాక్కుంటుంది. అదీ ఒకే తీరున కాదు. దాంతో శబ్దంలో స్వల్పంగా వక్రీకరణ చేరుతుంది. అందుకే మీటరుకు ముందు ఒక రెసిస్టరు పెడతారు. ఇంకా జాగ్రత్తపరులైతే విడిగా చిన్న యాంప్లిఫయరే పెడతారు.

నన్నడిగితే అసలు సంగతి ఇది కాదు. ముల్లు నిదానం! అది పూర్తిగా లేవడానికి సెకనులో దాదాపు మూడో వంతు పడుతుంది. గాత్రానికి ఇబ్బంది లేదు. మృదంగం మీద చాపు పడిందనుకోండి, ముల్లు లేచేలోపే దెబ్బ అయిపోతుంది. ముల్లు, మామూలు స్థాయిని సూచించే సున్నా గుర్తును దాటదు. టేపు మీద శబ్దం మాత్రం చాలా పైకి వెళ్లిపోతుంది. టేపు ఆ దెబ్బ అంచును మెత్తగా నొక్కేస్తుంది. పాత రికార్డుల్లో మనం మెచ్చుకునే నునుపులో దానికీ వాటా ఉంది. డిజిటల్‌లో ఆ వెసులుబాటు లేదు. హద్దు దాటితే శబ్దం పగిలిపోతుంది.

ఇంట్లో రికార్డు చేసుకునేవారికి ఒక మాట. తాళవాద్యాలకు ముల్లును సున్నాకు బాగా కిందే ఉంచండి. శబ్దం హద్దుకు చేరగానే వెలిగే పీక్ లైటు ఉంటే, ముల్లు కంటే దాన్నే నమ్మండి.