ఫారంలో ‘నేను’ అని రాయాలంటే
(ఆమదాలవలసలో మన యువతీయువకుల సమావేశంలో హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈరోజు ఎంబీఏ సీటుకి రాసే వ్యాసాల గురించి నాలుగు మాటలు చెప్తాం.

2015లో విశాఖలో ఐఐఎం వచ్చాక మన పిల్లలు కూడా క్యాట్ రాస్తున్నారు. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి, అందరికీ తెలుసు. కానీ క్యాట్ మార్కులతోనే పని అయిపోదు. చాలా ఐఐఎంలలో ఇంటర్వ్యూ ఉంటుంది, కొన్నిచోట్ల అక్కడే కూర్చుని రాయాలి. హైదరాబాదు ఐఎస్‌బీకైతే దరఖాస్తుతోనే వ్యాసాలు పంపాలి. మన పిల్లలు లెక్కలకి భయపడరు గానీ, ఇక్కడ ఆగిపోతున్నారు.

మా హాస్టల్లో చదివి ఉద్యోగం చేసుకుంటున్న ఒక సవర అమ్మాయి ఫారం పట్టుకుని వచ్చింది. ‘మీరు ముందుండి ఒక పని నడిపించిన సందర్భం రాయండి’ అని ప్రశ్న. “ఏటి రాయాలి మేడమ్? నేనేం నడిపించాను?” అంది. రెండు పేజీలు రాసింది. మా ఊరు, మా పేదరికం, మా అమ్మానాన్నల కష్టం, మా హాస్టల్. ఎక్కడా ‘నేను’ లేదు. తప్పు ఆమెది కాదు. కలిసి తినండి, కలిసి నిలబడండి అని నేర్పింది మేమే. ఈ ప్రసంగంలో కూడా చూడండి, ‘మేము’ అనే అంటున్నాం!

అప్పుడు మేం ఇంకో తప్పు చేశాం. నెట్‌లో నమూనాలు చూసి పెద్దపెద్ద మాటలతో మొత్తం దిద్దేశాం. చదివి, “బాగుంది మేడమ్. కానీ ఇంటర్వ్యూలో దీని గురించి అడిగితే ఏం చెప్పాలి?” అంది. మా దగ్గర జవాబు లేదు.

కాగితం పక్కన పెట్టి, ఇంటర్ అయిన వేసవిలో ఏం చేశావని అడిగాం. జీడిపిక్కల సంగతి చెప్పింది. షావుకారు కుంచంతో కొలిచి తీసుకుంటున్నాడని, ఈమె ఒక స్ప్రింగు కాటా అరువు తెచ్చి, ఐదిళ్ల పిక్కలు తూచి, ఒక్కచోట చేర్చి సంతలో అమ్మించింది. మొదటి వారం డబ్బు ఎక్కువే వచ్చింది. రెండో వారం రెండిళ్లవాళ్లు మళ్లీ షావుకారుకే ఇచ్చేశారు. ఎందుకు? వానాకాలంలో బియ్యానికి అతని దగ్గరే అప్పు తీసుకున్నారు, పిక్కలు అతనికే ఇస్తామని ఒప్పుకున్నారు. “కాటా మారిస్తే సరిపోదు మేడమ్, అప్పు సంగతి ముందు చూడాలి. అది నాకు అప్పుడు తెలీలేదు” అంది.

అదే రాయమన్నాం. “అది వ్యాపారమా? ఇంటి పని కదా” అంది. దళారుల బారి నుంచి మనల్ని కాపాడాలని 1956లోనే గిరిజన సహకార సంస్థ పెట్టారంటే, అది చిన్న సంగతేం కాదు కదా.

ముందు సవరలో చెప్పింది, తర్వాత తెలుగులో రాసింది, చివరికి ఇంగ్లీషులోకి మార్చింది. మూడు రాత్రులు పట్టింది. ‘నేను కాటా తెచ్చాను’ అన్న వాక్యం నాలుగుసార్లు కొట్టేసింది, గొప్పలు చెప్పుకున్నట్టుందని. తెచ్చింది నువ్వే కదమ్మా అన్నాం. ఓడిపోయిన రెండో వారం కూడా ఉంచమన్నాం. అదే లేకపోతే ఆమె నేర్చుకున్నదేమిటో చదివేవాళ్లకి తెలీదు.

మేం దిద్దింది స్పెల్లింగులు మాత్రమే. గడువు చివరి రాత్రి శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని పంపించాం. పిలుపు ఇంకా రాలేదు.

ఈ ఏడాది రాసేవాళ్లు ఆదివారం సాయంత్రం హాస్టల్‌కి రండి. మీ భాషలో మీరు రాసుకున్న మొదటి కాగితం తెచ్చుకోండి. నెట్‌లో దింపిన నమూనాలు మాత్రం వద్దు, అవి మా దగ్గరే బోలెడున్నాయి.