పొగకు పరిహారము

శ్రోతలారా! గ్రామములలో తగవులు తీర్చిన పెద్దలు మీలో ననేకులు గలరు. మిమ్ము ముందుగా నొక ప్రశ్న యడిగెదను. ఒక వర్తకుఁడు మొలకెత్తని విత్తనములను, మొలకెత్తవని యెఱిఁగియే, మేలైనవని చెప్పి యమ్మినాఁడు. రైతు తన చేతులతోనే చల్లినాఁడు. పైరు పోయినది. "చల్లినవాఁడవు నీవే గదా!" యని యా వర్తకుఁడు తప్పించుకొనఁగలఁడా? నిర్దోషమైన వస్తువును చూపి దోషముగల వస్తువు నిచ్చినవానిచేత రెట్టింపు వెల యిప్పింపవలెనని నారదస్మృతి చెప్పుచున్నది. ఇట్టి తగవే యమెరికా దేశపు న్యాయస్థానములలో, చమురు మొదలగు ఇంధనముల నమ్ము మహాసంస్థలకును, పురపాలక రాష్ట్రప్రభుత్వములకును నడుమ నడచుచున్నది.

బొగ్గును చమురును కాల్చినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. అది భూమికి గొంగళి కప్పినట్లు వేఁడిమిని పోనీయదు. హవాయి దీవులలోని మౌనలోవా పర్వతముపై చార్లెస్ కీలింగ్ అను శాస్త్రజ్ఞుఁడు 1958లో దీనిని కొలువ నారంభించెను. అప్పుడు పదిలక్షల పాళ్ల గాలిలో సుమారు 315 పాళ్లుండెను. 2024లో 424 దాఁటెను. వేఁడికి సముద్రజలము వ్యాకోచించును, నేలపైని మంచు కరఁగి కడలిఁ జేరును, తీరములు మునుఁగును.

మొదట నొక పల్లె కథ వినుఁడు. అలాస్కా రాష్ట్రమున సన్నని యిసుకతిప్పపై కివలీన యను నూరు కలదు. సుమారు 400 జనము. పూర్వము శరత్కాలమున తీరమువెంట గట్టిపడు మంచు తుపాను కెరటములకు గోడవలె నడ్డుపడెడిది. వేఁడిమి పెరుగఁగా మంచు ఆలస్యముగా గట్టిపడసాగెను; అలలు తిప్పను కోయసాగెను. ఊరిని తరలించుటకు 9 కోట్ల 50 లక్షలు మొదలు 40 కోట్ల డాలర్లవఱకు వ్యయమగునని యంచనా వేసిరి. ఆ సొమ్మిప్పింపుఁడని 2008లో నా గ్రామము 24 సంస్థలమీఁద వ్యాజ్యము వేసెను. ఇది రాజకీయముగాఁ దేల్చుకొనవలసిన విషయమనియు, ఏ సంస్థ పొగ యీ తీరమును కోసెనో చూపలేరనియు 2009లో న్యాయాధిపతి కొట్టివేసెను. 2012లో పై న్యాయస్థానము, గాలి విషయమున కేంద్రశాసన ముండఁగా నిట్టి దావా చెల్లదనెను. పల్లె యోడిపోయెను.

తరువాతివారు త్రోవ మార్చిరి. 2020 మార్చిలో హవాయిలోని హొనలూలూ నగరప్రభుత్వమును, ఆ నగర జలసంస్థయు చమురు సంస్థలమీఁద రాష్ట్రన్యాయస్థానమున దావా వేసిరి. "మీరమ్మినారని కాదు, అపాయ మెఱిఁగియు హెచ్చరింపక, జనులను భ్రమపెట్టి యమ్మినా రని మా యభియోగము" అనుట వారి వాదసారము. దీనికి బలమేమి? 1977లోనే యెక్సాన్ సంస్థలోని శాస్త్రజ్ఞుఁ డొకఁడు ఇంధనపు పొగచే భూమి వేఁడెక్కునని యాజమాన్యమునకు విన్నవించెను. ఆ సంస్థవారి పాత లెక్కలు పిదప జరిగినదానికి చాలవఱకు సరిపోయినవని 2023లో సైన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన చూపెను.

ప్రతివాదుల మాటయు వినుట ధర్మము. పొగకు సరిహద్దులు లేవు గనుక నొక రాష్ట్రపు శాసనముతో లోకమంతటి పొగను విచారింపరాదని వారందురు. తాము దాఁచిన దేమియు లేదనియు, ఇంధనమును కోరి కాల్చినది జనులే యనియు వాదింతురు. ఈ కడపటి మాట తేలికగాఁ ద్రోయఁదగినది కాదు. మన బండ్లు, మోటారులు, విద్యుత్తు అన్నియు దానితో నడచినవే. కాని కొనువాఁడు తెలియక చేసినదానికిని, అమ్మువాఁడు తెలిసి దాఁచినదానికిని భేదము గలదు. దాఁచిరా లేదా యనునదే విచారణలో తేలవలసిన యంశము.

2023 అక్టోబరు 31న హవాయి సర్వోన్నత న్యాయస్థానము, ఇది పొగను శాసించు దావా కాదు, మోసమును గూర్చిన దావా యని విచారణకు అనుమతించెను. 2025 జనవరిలో దేశపు సుప్రీముకోర్టు జోక్యమునకు నిరాకరించెను. అయినను అన్ని చోట్ల నిట్లే జరుగలేదు. బాల్టిమోరు నగరము 2018లో వేసిన దావాను 2024 జూలైలో నచ్చటి న్యాయాధిపతి కొట్టివేసెను.

ఇట్టి వ్యాజ్యములకు పూర్వోదాహరణ మొకటి గలదు. పొగాకు సంస్థలు హాని నెఱిఁగి దాఁచినవని రాష్ట్రములు పోరాడఁగా, 1998లో 46 రాష్ట్రములకు 25 సంవత్సరములలో సుమారు 20,600 కోట్ల డాలర్లు చెల్లింప నా సంస్థలు ఒప్పుకొన్నవి. చుట్ట కాల్చినవాఁడు తానే కాల్చుకొనెననుట యప్పుడు చాలినంత సమాధానము కాలేదు.

తీర్పు లెట్లున్నను ఖర్చు మాత్ర మాగదు. కడలి పొంగినప్పుడు కట్ట కట్టవలెను, పాడైన మంచినీటి గొట్టములు మార్చవలెను. సంస్థలు చెల్లింపనిచో పన్ను కట్టు సామాన్యుఁడే చెల్లించును. అతఁడును ఆ పొగలో కొంత పాలుగలవాఁడే. కాని మొత్తమునకు బాధ్యుఁడు కాఁడు. ఎవరి పా లెంతయో నిర్ణయించుట కఠినమే. కఠినమని తగవును వదలివేసినచో, భార మెప్పుడును బలహీనునిమీఁదనే పడును. ఈ సత్యము మీకు నేను చెప్పవలసినది కాదు. మీ రచ్చచావడిలో పలుమాఱు చూచినదే.