మునక, స్నానం, బాప్తిస్మం

ఈ ఉపన్యాసం మా మాస్టారి పేరిట జరుగుతోంది. బైబిలు తెలుగు గురించి ఆయన జీవితమంతా ఆలోచించారు. ఆయన శిష్యుల్లో లూథరన్లు, బాప్తిస్టులు, కతోలికులు అందరూ ఉన్నారు. అందుకే మన మధ్య రోజూ నలిగే ఒక మాట చరిత్రను ఎంచుకున్నాను. మన పల్లెల్లో ఒక ఇంటివారు పాపకు జ్ఞానస్నానం ఇప్పించామంటారు. ఎదురింటివారు మావాడు బాప్తిస్మం పుచ్చుకున్నాడంటారు. ఒకరి దగ్గర స్నాపక యోహాను, మరొకరి దగ్గర బాప్తిస్మమిచ్చు యోహాను. అటు కతోలికులకు పవిత్రాత్మ, శ్రీసభ, విచారణ గురువు. ఇటు ప్రొటెస్టెంటులకు పరిశుద్ధాత్మ, సంఘం, పాస్టరుగారు. ఒకే విశ్వాసానికి ఒకే భాషలో రెండు నిఘంటువులు ఎలా ఏర్పడ్డాయి?

మూలం గ్రీకులో ఉంది. బాప్టో అంటే ముంచడం. బట్టను రంగులో ముంచడానికీ అదే మాట. దాని నుంచి వచ్చిన బాప్టిజోను చరిత్రకారుడు పొలీబియస్ యుద్ధంలో మునిగిన ఓడల గురించి వాడాడు. హీబ్రూ లేఖనాలను గ్రీకులోకి తెచ్చిన యూదు పండితులు, నయమాను యొర్దానులో ఏడుసార్లు మునిగిన చోట ఆ క్రియనే రాశారు. మార్కు సువార్త 7వ అధ్యాయంలో గిన్నెలు కడగడానికి వాడిన నామవాచకం కూడా ఈ కుదురులోదే. రేవులోనూ వంటింట్లోనూ అద్దకం తొట్టి దగ్గరా వాడుకలో ఉన్న మాట అది.

ఆ మాట పొలిమేర దాటాక ఒక్కో జాతి ఒక్కో దారి పట్టింది. లాటిన్ వారు గ్రీకు మాటనే ఉంచుకున్నారు. 4వ శతాబ్దంలో గోతుల బిషప్ వుల్ఫిలా తన జనం భాషలో ముంచడానికి ఉన్న క్రియనే తీసుకున్నాడు; నేటి జర్మన్ మాట దాని చుట్టమే. ఐస్‌లాండ్ వారి మాటలో శుభ్రత, కాంతి ఉన్నాయి. రష్యన్ మాట సిలువ పేరుతో ముడిపడింది, నీటి ఊసే లేదు. సిరియాక్ నుంచి వచ్చిన మామోదీసా అనే మాట కేరళ సిరియన్ క్రైస్తవుల నోట ఇప్పటికీ బతికే ఉంది.

19వ శతాబ్దంలో ఈ మాటను అనువదించాలా, అలాగే ఉంచాలా అన్నది పెద్ద తగవయింది. శ్రీరాంపూరులో విలియం కేరీ, ఆయన సహచరులు బాప్తిస్టులు. బాప్తిస్మమంటే నిండా మునగడమేనని వారి నమ్మకం. తమ బెంగాలీ బైబిలు అనువాదంలో మునకను సూచించే మాటనే వాడారు. బర్మాలో మిషనరీ అడోనిరామ్ జడ్సన్ కూడా అదే చేశాడు. చిలకరింపును ఆచరించే సంఘాల వారికి అది ఒక పక్షం వారి వ్యాఖ్యానంగా కనబడింది. బెంగాలీ ప్రతులకు లండన్ బైబిలు సొసైటీ సహాయం నిరాకరించింది. 1836లో అమెరికన్ బైబిలు సొసైటీ కూడా అలాంటి తీర్మానమే చేసింది. దాంతో బాప్తిస్టులు అక్కడ వేరే సొసైటీ పెట్టుకున్నారు. 1840లో ఇంగ్లండులోనూ అదే జరిగింది. గ్రీకు మాటను అనువదించకుండా అలాగే ఉంచితే ఏ పక్షమూ నొచ్చుకోదన్నది సొసైటీల ఉపాయం.

మన బాప్తిస్మము కూడా అలా అనువదించకుండా ఉంచిన మాటే. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ తెలుగు అనువాదానికి పూనుకున్నారు. క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయరు వారికి తోడ్పడ్డాడు. 1812లో మూడు సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అంతకు చాలా ముందే మిషనరీ బెంజమిన్ షుల్జ్ మద్రాసులో చేసిన అనువాదం అచ్చుకు నోచుకోలేదు.

జ్ఞానస్నానం తమిళ దేశం నుంచి వచ్చింది. 1606లో మధురై చేరిన రాబర్ట్ డి నొబిలి, ఆయన బాటలో నడిచిన జెస్యూట్ గురువులు సంస్కృత పదాలతో క్రైస్తవ పరిభాష కూర్చారు. 18వ శతాబ్దం మొదట్లో పుంగనూరు ప్రాంతానికి వచ్చిన ఫ్రెంచి జెస్యూట్లు ఆ సంప్రదాయం వారే. వారి బోధ విన్నవారిలో రెడ్లు, కమ్మవారు ఉన్నారు. స్నానం అనగానే పుణ్యం తోచే చెవికి ఆ మాట ఇట్టే అందింది. అందులోంచే జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి అనే అందమైన వరసలు పుట్టాయి.

ఇక మళ్లీ బాప్తిస్మం మాట దగ్గరికి వస్తే, కాసేపు గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఆగాలి. 1876-78 కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి కల్పించాడు. కూటికోసం కలిశారన్న మాట పడకూడదని కరువు నెలల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. వానలు పడ్డాయి, పని ముగిసింది, జనం మాత్రం ఆగలేదు. 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఏట్లో దిగి ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకున్నారు. క్లౌ దొర ఆ రోజు ఎవరినీ ముంచలేదు.

పుచ్చుకున్నవారిలో అత్యధికులు మాదిగలు. ఊరి బావి నీళ్లు ముట్టనివ్వని కాలం అది. స్నానం అన్న మాటకు మడి, ఆచారం, పై కులాల పెత్తనం అంటుకుని ఉన్నాయి. బాప్తిస్మం అన్న మాటకు తెలుగు నేల మీద అలాంటి గతం లేదు. సొసైటీలు పక్షాల గొడవ తప్పించుకోవడానికి ఎంచుకున్న మాట, ఇక్కడ కులం అంటని మాటగా పనికొచ్చిందని నా నమ్మకం. దానికి అర్థం ఇచ్చింది గ్రీకు నిఘంటువు కాదు, ఏట్లో దిగిన ఆ మనుషులు. అలాగని జ్ఞానస్నానాన్ని తక్కువ చేయను. అది మూడు వందల ఏళ్లుగా తరతరాల తల్లుల నోట పండిన మాట. ఉమ్మడి అనువాదాల పేరిట రెంటిలో ఒకదాన్ని తుడిచేయాలన్న ప్రతిపాదనలకు నేను వ్యతిరేకిని.

చివరిగా ఒక మనవి. మీ విచారణల్లో, పాస్టరేట్లలో పాత రిజిస్టర్లు చెదలకు, తడికి పాడవుతున్నాయి. తెలుగులో రాసినవి ఎక్కడున్నా బయటికి తీయండి, ప్రతి పేజీకీ ఫొటో తీసి భద్రపరచండి. ఏ ఊళ్లో ఏ మాట ఎప్పటి నుంచి రాశారో అవే చెప్పాలి. మన పదాల చరిత్రలో మిషనరీల ఉత్తరాలు చెప్పని సగం అక్కడే ఉంది.