రూపాయి విలువ – పింఛనుదారు
(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం 'ఉదారవాద ఆర్థిక దృష్టి'. పేరు చాలా పెద్దది. అందులో మనకు పనికివచ్చే ఒక్క ముక్కే చెబుతాను. శాసనసభ అనుమతి లేనిదే ప్రజలపై పన్ను వేయరాదన్నది ఉదారవాదుల మూలసూత్రాలలో ఒకటి. మరి ఖర్చుకు చాలక ప్రభుత్వం నోట్లు అచ్చు వేయిస్తే? ధరలు పెరిగి మన చేతిలోని రూపాయి తరిగిపోతుంది. ఏ సభలోనూ ఓటింగు జరగలేదు, ఎవరూ రసీదు ఇవ్వలేదు, పన్ను మాత్రం వసూలైపోయింది.

మన దేశంలో ఈ సంగతి నిర్మొహమాటంగా చెప్పినవారు ప్రొఫెసర్ బి.ఆర్. షెనాయ్. 1955లో రెండవ పంచవర్ష ప్రణాళికపై సలహా ఇచ్చిన ఆర్థికవేత్తల బృందంలో తక్కిన వారందరూ ఒకవైపు, ఆయనొక్కరే ఒకవైపు. అసమ్మతి పత్రం రాసిచ్చారు. ప్రభుత్వ రంగానికి 4,800 కోట్లు అనుకుంటే, అందులో 1,200 కోట్లు లోటు బడ్జెట్ ద్వారానే రావాలి! ప్రజల పొదుపు ఎంతో ప్రణాళిక అంతే ఉండాలి, లేని డబ్బు సృష్టిస్తే ధరలు పెరుగుతాయి, వాటిని అణచడానికి కంట్రోళ్లు వస్తాయి అన్నది ఆయన వాదన. (పర్మిట్ల ఫైళ్లు నడిపినవాళ్లం ఈ హాలులో చాలామందిమే ఉన్నాం, కంట్రోళ్లంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.)

ఆ సంవత్సరమే డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. సాగర్ కట్టకూడదని నేననను, కట్టబట్టే మన జిల్లాలు అన్నం తింటున్నాయి. కాని షెనాయ్ అడిగింది డబ్బు ఎక్కడినుంచి అనే. 1957 నాటికే విదేశీ మారకానికి కటకట వచ్చింది. 1966 జూన్‌లో డాలరుకు 4.76గా ఉన్న రూపాయి 7.50 అయింది. ఇందులో యుద్ధాల పాలు, కరువుల పాలు ఉన్నమాట నిజమే.

1974 మనలో పెద్దవారికి జ్ఞాపకముండే ఉంటుంది. 1974-75లో టోకు ధరలు దాదాపు 25 శాతం పెరిగాయి. ధరలు పెరిగాయి గనుక డి.ఏ. పెరగాలి. పెరిగిన డి.ఏ.లో సగాన్ని చేతికివ్వకుండా నిర్బంధ డిపాజిట్‌లో వేయాలని కేంద్రం చట్టం చేసింది. మళ్లీ 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ కాలంలో, కేంద్ర పింఛనుదారులకు మూడు విడతల డి.ఆర్. ఆగిపోయింది. 2021 జూలై నుంచి పునరుద్ధరించారుగాని ఆ 18 నెలల బకాయి ఇవ్వలేదు. డి.ఆర్. ఉందిగదా, ధరలతో మనకేమిటి అనుకునేవారు ఈ రెండూ గుర్తుంచుకోవాలి. అది ధరల వెనుక నడిచి వస్తుంది, ఖజానాకు ఇబ్బంది వస్తే అసలు రాదు. ఆ మాత్రం గొడుగు కూడా లేనివారు మన చుట్టూ ఎందరో. మన ఇంటికి పాలు పోసే ఆమెకు, మగ్గం నేసే ముసలాయనకు డి.ఆర్. ఎవరిస్తారు? ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరిగితే పన్నెండేళ్లలో వారు దాచుకున్న వంద యాభై అయిపోతుంది.

అందుకే నా దృష్టిలో, ఎవరూ పండుగ చేసుకోని రెండు నిర్ణయాలు వృద్ధులకు ఎంతో మేలు చేశాయి. ప్రభుత్వం అడిగినప్పుడల్లా రిజర్వు బ్యాంకు డబ్బు సమకూర్చే తాత్కాలిక ట్రెజరీ బిల్లుల పద్ధతికి 1994లో ఒప్పందం చేసుకొని 1997లో స్వస్తి చెప్పారు. 2016లో ద్రవ్యోల్బణానికి 4 శాతం లక్ష్యం, అటూ ఇటూ 2 శాతం హద్దు పెట్టారు. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరిన పిల్లలకు కాంట్రిబ్యూటరీ పద్ధతి వచ్చింది. వారు కూడబెట్టుకునే సొమ్ముకు ఈ హద్దు మరీ ముఖ్యం.

ఈ మధ్యాహ్నం బకాయిల తీర్మానం రాబోతున్నది. పింఛను దయాభిక్ష కాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పనే చెప్పింది, కనుక ఆ తీర్మానాన్ని బలపరుస్తున్నాను. బకాయిలు చెల్లించే సొమ్ము ఎక్కడినుంచి తెస్తున్నదీ ప్రభుత్వం శాసనసభలో వివరించాలని అందులో ఒక వాక్యం చేర్చవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను.