కోతకు నాకిష్టమైన మాను

(మదనపల్లెలో జరిగిన మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



పొద్దున్నుంచి ఇక్కడ మాట్లాడినవాళ్లలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, కలెక్టరు ఆఫీసులో పనిచేసినవాళ్లున్నారు. నేను పదో తరగతి అయిపోగానే రంపపు పొట్టులోకి పోయినవాణ్ని. నలభై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో సా మిల్లు నడుపుతున్నాను. కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, నువ్వు చెట్ల మీద మాట్లాడాల" అన్నాడు. "పెంచేవాళ్లను పిలవాల గానీ, కోసేవాణ్ని పిలుస్తావేందప్పా" అన్నాను. "సరే, కోసేదాంట్లోనే నీకు ఏ చెట్టు ఇష్టమో చెప్పు" అన్నాడు. ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన బడి వెనకాల చింతమాను గురించి నాకూ ఉత్సవ కమిటీకీ కొన్ని నెలలుగా ఒక పట్టింపు నడుస్తోంది. అది చివర్లో చెబుతాను.

మా నాయన పుంగనూరు మనిషి. ఆయన వయసులో ఉన్నప్పుడు మిల్లు లేదు, గొయ్యి ఉండేది. గొయ్యి మీద మాను అడ్డంగా పెట్టి, ఒకడు పైన నిలబడి, ఒకడు లోపలికి దిగి, ఇద్దరూ కలిసి నిలువు రంపం లాగేవాళ్లు. గీత చూసేది పైవాడు. కిందవాడి కళ్లల్లో పొట్టు పడుతుంది. మా నాయన కింద మనిషి. ఏళ్ల తరబడి ఆయన గీత చూడనే లేదు, పైవాడి మాట నమ్మి లాగాడు. మదనపల్లెలో మిల్లు పెట్టి, మోటారు ముందర నిలబడి, గీత తానే చూసుకున్న రోజున ఇంట్లో పాయసం చేయించాడని అమ్మ చెప్పేది.

మిల్లుకు మాను రాగానే మేం చూసేది చుట్టుకొలత. దాన్ని 4తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి, పొడవుతో గుణిస్తాం. చుట్టుకొలత 4 అడుగులు, పొడవు 10 అడుగులు ఉంటే మా లెక్కకు 10 ఘనపుటడుగులు. మన లెక్కల సారు నేర్పిన వృత్తం సూత్రం వేస్తే 12.7 వస్తుంది. ఆ తేడా ఏమైపోయిందని ఒక రైతు నాతో పెద్ద కొట్లాట పెట్టుకున్నాడు. ఎక్కడికీ పోలేదు. గుండ్రటి మానులోంచి చదరపు చెక్క తీస్తే పక్క చెక్కలకూ పొట్టుకూ కొంత పోతుంది. ఆ నష్టాన్ని ముందే తీసేసి కట్టిన లెక్క అది.

ఇక చెట్ల సంగతి. టేకు ఫస్టు బెంచీ పిల్లోడు. చెప్పింది వింటాడు. కోస్తుంటే తోలు వాసన వేస్తుంది, చెయ్యి పెడితే నూనె తగులుతుంది, ఎండాక పెద్దగా కదలదు. దాంట్లోనూ ఒక గుణముంది. సన్నటి ఇసుకలాంటిది లోపల ఉండి రంపం పదును తినేస్తుంది. మంచి పిల్లోడే, మాస్టారిని మాత్రం అరగదీస్తాడు. మామిడి మెత్తన. తొందరగా పురుగు పడుతుంది. టమోటాలకు ప్లాస్టిక్ క్రేట్లు రాకముందు నేను కోసిన మామిడి చెక్కంతా పెట్టెలకే పోయేది. వేగిస కట్టెతో చేసిన గ్లాసులు చక్కెర జబ్బుకు మంచివని అడుగుతారు. నీళ్లు పోస్తే రంగు మారేది నిజమే. జబ్బు సంగతి ఇక్కడున్న డాక్టరు గారు చెప్పాల.

నీలగిరి ఎక్కువగా కుప్పం వైపు పొలాల నుంచి వచ్చేది. మనం ఏడో తరగతిలో హార్స్‌లీ హిల్స్‌కు విహారయాత్ర పోయినప్పుడు ఆ చెట్ల కింద అన్నం మూటలు విప్పుకున్నాం, గుర్తుందా? చూడ్డానికి ధ్వజస్తంభం మాదిరి నిటారు. రంపం సగం దాకా పోయిందంటే మాత్రం రెండు చెక్కలూ చెరో పక్కకు విల్లులా విచ్చుకుంటాయి. పెరిగేటప్పుడు లోపల బిగబట్టుకున్న బలమంతా కోత తగిలినప్పుడు బయటికి వస్తుంది. పైకి నిటారుగా ఉన్నవాళ్లందరూ లోపల స్థిమితంగా ఉన్నారనుకోకూడదని నాకు నేర్పింది అదే.

పుష్ప సినిమా వచ్చినప్పటి నుంచి నన్ను ఎర్రచందనం గురించి అడగనివాడు లేడు. దక్షిణ తూర్పు కనుమల్లో, అంటే మన శేషాచలం, నల్లమల, వెలిగొండల చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా తనంతట తాను పెరగని చెట్టు అది. 1995 నుంచి సైటిస్ ఒప్పందం కింద దాని విదేశీ వ్యాపారం మీద కట్టడి ఉంది. నా రంపం దాన్ని ఒక్కసారి కూడా తాకలేదు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు. తాకి ఉంటే ఈ సభలో కాదు, వేరే చోట ఉండేవాణ్ని.

1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చాక సా మిల్లుల మీద నిఘా బాగా పెరిగింది. 2002లో వాల్టా చట్టం వచ్చాక సొంత పట్టా భూమిలో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. మా వాళ్లు చాలామంది గొణిగారు. నాకు మాత్రం అప్పటి నుంచే పని మీద ఇష్టం పెరిగింది. అడవి మాను వచ్చే చోట ఇంటి మాను, గట్టు మాను రావడం మొదలైంది. అడవి దుంగ వెంట డ్రైవరు వస్తాడు. ఇంటి మాను వెంట దాన్ని నాటినవాళ్ల కొడుకో కూతురో వస్తారు. కోత అయ్యేదాకా పక్కనే నిలబడతారు. అలా వచ్చేదాంట్లో ఎక్కువ భాగం వేప. మన ఊళ్లలో సగం ఇళ్లకు వేప ద్వారబంధాలే. చెద అంత సులువుగా పట్టదు, ధర అందుబాటులో ఉంటుంది, కోసిన రోజంతా మిల్లులో చేదు వాసన ఉంటుంది.

ఆ వేప దగ్గరే నేను ఒక తప్పు చేశాను. ఈ మాట చెప్పడానికి ఆ మిత్రుడి అనుమతి తీసుకున్నాను. తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు కుప్పంలో ఇల్లు కట్టాడు. వాళ్లమ్మ పెరట్లో పెంచిన వేపమానును కొట్టించి లారీలో తెచ్చాడు. గృహప్రవేశానికి నలభై రోజులుంది. వానాకాలం. మా నాయన మాను మీద చెయ్యి వేసి చూసి, "ఒక ఎండాకాలం ఆగమను రా. ఇది ఇంకా బతికే ఉంది" అన్నాడు. ముహూర్తం పెట్టుకున్నవాణ్ని ఎట్లా ఆగమనేది? పైగా స్నేహితుడు. పైగా ఆ నెల మోటారు కంతు కట్టాల. కోసి ఇచ్చాను. తలుపులు బ్రహ్మాండంగా వచ్చాయి. ఫోటోలో నేను కూడా ఆ తలుపు పక్కనే నవ్వుతూ ఉన్నాను.

పచ్చి కట్టెలో నీళ్లు చాలా ఉంటాయి. అవి పోయేటప్పుడు చెక్క పొడవు దాదాపు తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. అది కూడా అన్ని వైపులా ఒకే తీరుగా కాదు. వలయాల వెంబడి తగ్గేది, నడిమి నుంచి బెరడు వైపు తగ్గేదానికి దాదాపు రెండింతలు. అందుకే పచ్చి చెక్క మెలి తిరుగుతుంది. మరుసటి ఎండాకాలం నేను కుప్పం పోయేసరికి వీధి తలుపు పైమూల గడి నుంచి అంగుళం బయటికి వచ్చి ఉంది. రాత్రిపూట గుండ్రాయి అడ్డం పెట్టి మూస్తున్నారు. టేకు తలుపు నా ఖర్చుతో చేయించి ఇస్తానన్నాను. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. "మా చెట్టే కదా నాయనా. తొందరపెట్టినామని అలిగింది. ఉండనీలే" అంది. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ రాయి అక్కడే ఉంది. మిత్రుడు నన్ను ఒక్క మాట అనలేదు. మిల్లుకు రావడం మాత్రం మానేశాడు.

మొక్కై వంగనిది మానై వంగునా అని మన తెలుగు మాస్టారు చెప్పేవారు. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, మాను వంగుతుంది సార్. పచ్చిగా కోస్తే తలుపై కూడా వంగుతుంది.

అందుకే, కోతకు నాకిష్టమైన మాను చింత. ఎవరూ ఈ జవాబు అనుకుని ఉండరు. మా వైపు చింతను ఇంటి తలుపులకు పెద్దగా వాడరు. మాంసం కొట్టే మొద్దుకు, గానుగకు, రోకలికి, మిగిలింది ఇటుక బట్టీకి. కానీ నా చేత నిదానంగా పని చేయించే మాను అదొక్కటే. ముసలి చింత చాలావరకు లోపల డొల్ల. తెల్లకట్టె ఎక్కువ, దానికి పురుగు పడుతుంది. మధ్యలో ఎంత చేవ ఉందో మొదటి కోత పడేదాకా ఎవడూ చెప్పలేడు. ఆ చేవ మాత్రం వంకాయ రంగు కలిసిన నలుపు, ఇనుము లాంటి గట్టి. ఒక దుంగకు రెండుసార్లు రంపానికి పదును పెట్టాల. తొందరపడితే బ్లేడు కాలిపోయి వాసనొస్తుంది. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోయే దారిలో చింతమాన్లు కొట్టిన ప్రతిసారీ దుంగలు నా దగ్గరికి వచ్చాయి. రోడ్డు పక్క మాను కదా, బోర్డులు కొట్టిన మేకులన్నీ లోపలే ఉంటాయి. వాటికి ఎన్ని బ్లేడ్లు ఇచ్చుకున్నానో లెక్క లేదు. చింత చచ్చినా పులుపు చావదంటారు, అది నా బ్లేడ్ల మీద రుజువైంది.

ఇప్పుడు మన బడి చింతమాను. పోయిన వానల్లో పడిపోయింది. ఇంటర్వెల్‌లో మనం కాయలు రాలగొట్టుకున్న మాను, చిగురు కోసి జేబుల్లో వేసుకున్న మాను. దాన్ని నేనే ట్రాక్టరులో తీసుకుపోయాను. కోసే ముందు ఒక రోజంతా మేకులు తీశాం. పదిహేడు. అయినా మొదటి కోతలోనే బ్లేడు పళ్లు నాలుగు ఎగిరిపోయాయి. ఉలితో తవ్వి చూస్తే జానెడు లోతున ఒక ఇనుప కొక్కెం. మన కాలంలో బడిగంట వేలాడదీసిన కొక్కెమే అది. గంట మాయమైంది, కరెంటు బెల్లు వచ్చింది, చెట్టు మాత్రం కొక్కేన్ని మింగి దాచుకుంది. ఇదిగో, తెచ్చాను. తర్వాత చేతిలోకి తీసుకుని చూడండి.

కమిటీ కోరింది ఏమంటే, ఆ చెక్కతో ఈరోజుకు వేదిక మీద కుర్చీలు, అతిథులకు జ్ఞాపికలు చేసివ్వమని. నేను చెయ్యనన్నాను. పోట్లాడారు. "యాభై ఏళ్లకొకసారి వచ్చే పండగన్నా" అన్నారు. ఈరోజు మీ చేతుల్లో ఉన్న జ్ఞాపికలు ప్లాస్టిక్‌వి కావడానికి కారణం నేనే. తిట్టుకోండి.

అంగుళం మందానికి ఒక ఏడాది ఆరాలని మా వృత్తిలో లెక్క. నేను 3 అంగుళాల పలకలు తీశాను. కొసలు పగలకుండా రంగు పూసి, పలకకూ పలకకూ మధ్య గాలాడేటట్టు చిన్న కట్టెలు పెట్టి, నీడలో పేర్చాను. డొల్ల పోగా, పురుగు తిన్నది పోగా లైబ్రరీకి రెండు పొడుగు బల్లలకు సరిపడా చేవ మిగిలింది. మూడు ఎండాకాలాలు ఆగితే వాటిని నా ఖర్చుతో చేయించి ఇస్తాను. సంఘాన్ని నేను కోరేది డబ్బు కాదు, ఆ గడువు. మధ్యలో కమిటీ మారినా ఆ పలకలను ఎవరూ తొందరపెట్టకూడదని ఈరోజే తీర్మానంలో రాయండి.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పోయిన వారం కుప్పం మిత్రుడు మిల్లుకు వచ్చాడు. ముప్పై ఏళ్లకు పైగా అయింది ఆయన అటు రాక. పేర్పు చుట్టూ తిరిగి చూశాడు. ఒక చోట మధ్య కట్టె జరిగి ఉంటే తానే సరిచేశాడు. వెళ్తూ, "ఈసారి ఆగుతావా?" అన్నాడు.

ఆగుతాను.