క్వార్ట్జ్ వచ్చినాక కూడా చేత్తో వాచీలు చేసినాయన కథ

ముద్దనూరు నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేసినా. ఈమధ్య మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే: "అన్నా, ఏఐ వచ్చేసింది కదా, ఇప్పుడు కోడింగ్ నేర్చుకుని ఏం లాభం?" బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి వచ్చినోణ్ణి, ఆ భయం నాకు బాగా తెలుసు. అందుకే ఈరోజు జార్జ్ డేనియల్స్ అనే ఇంగ్లాండు వాచ్‌మేకర్ గురించి చెప్తా.

ఈయన 1926లో పుట్టినాడు. పేద కుటుంబం. 14 ఏళ్లకే బడి మానేసి పరుపుల ఫ్యాక్టరీలో పనికి పోయినాడు. తర్వాత సైన్యంలో చేరి, తోటి సిపాయిల వాచీలు బాగుచేసేవాడు. 1947లో బయటికొచ్చినప్పుడు ఇచ్చిన డబ్బుతో పనిముట్లు కొనుక్కున్నాడు. పగలు రిపేరు పని, రాత్రి క్లాసులు. బ్రెగే అనే పాతకాలపు మహా పనిమంతుడి వాచీలు విప్పి, బాగుచేసి, వాటి నుంచే విద్య నేర్చుకున్నాడు.

1969లో సొంతంగా మొదటి పాకెట్ వాచీ చేసినాడు. టైమింగ్ చూడండి! అదే ఏడాది డిసెంబర్ 25న జపాన్‌లో సీకో కంపెనీ ఆస్ట్రాన్ అనే మొదటి క్వార్ట్జ్ చేతివాచీని అమ్మకానికి పెట్టింది. నెలకు ఐదు సెకన్లకు మించి తేడా రాదు. తర్వాత ధరలు కూడా పడిపోయినాయి. స్విట్జర్లాండ్‌లో వేలమంది ఉద్యోగాలు పోయినాయి. మన దగ్గర కూడా తాతల చేతికుండిన కీ ఇచ్చే హెచ్‌ఎంటీల కాలం, టైటాన్ క్వార్ట్జ్‌లు వచ్చినాక తగ్గిపోయింది.

మరి డేనియల్స్ ఏం చేసినాడు? కీ వాచీకి అసలు జబ్బు యాడుందో వెతికినాడు. వాచీలో టిక్ టిక్ అనే భాగాన్ని ఎస్కేప్‌మెంట్ అంటారు. స్ప్రింగు బలాన్ని కొంచెం కొంచెంగా వదిలేది అదే. అందులో చక్రం పళ్లు జారుతూ, రాసుకుంటూ నెడతాయి. అందుకే నూనె వేయాల. నూనె ముదిరితే టైం తప్పుతుంది. ఉయ్యాలను నేరుగా నెట్టడానికి, చెయ్యి రాకిస్తూ నెట్టడానికి తేడా ఉంటుంది కదా, అట్లన్నమాట. ఆయన ఒకే ఇరుసు మీద రెండు చక్రాలు పెట్టి ఆ రాపిడి బాగా తగ్గించినాడు. పేరు కో-యాక్సియల్. 1980లో పేటెంట్ వచ్చింది. స్విస్ కంపెనీల చుట్టూ ఏళ్లతరబడి తిరిగినాడు. చివరికి 1999లో ఒమేగా దాన్ని మార్కెట్లోకి తెచ్చింది.

ఇంక ఆయన స్టైల్. మన ప్రొద్దుటూరులో ఒక నగ తయారు కావాలంటే కరిగించేవాళ్లు, రాళ్లు పొదిగేవాళ్లు, మెరుగు పెట్టేవాళ్లు వేరువేరుగా ఉంటారు. ఈయన కేసు, డయల్, ముళ్లు, చక్రాలు అన్నీ ఒక్కడే చేసేవాడు. ఒక్కో వాచీకి దాదాపు 2,500 గంటలు. వెండి డయల్ మీద చేత్తో తిప్పే యంత్రంతో సన్నగీతల నగిషీ. పని ఎంత ఉన్నా టైం మాత్రం ఒక్క చూపులో తెలియాల. చేతితో చేసిన పాకెట్ వాచీలు జీవితం మొత్తం మీద ముప్పై లోపే. 1982 నాటి స్పేస్ ట్రావెలర్ 2019 వేలంలో 36 లక్షల పౌండ్లు పలికింది. అప్పటికి ఆయన పోయి ఎనిమిదేళ్లు.

రోజర్ స్మిత్ అనే కుర్రోడు తన మొదటి వాచీ తెచ్చి చూపిస్తే, చేత్తో చేసినట్లు కొట్టొచ్చినట్లు కనిపిస్తోందని ఒప్పుకోలేదు. ఆ అబ్బాయి ఐదేళ్లకు పైగా కూర్చుని రెండోది చేసినాడు. దాన్ని చూసినాక తనతో పనికి పిలుచుకున్నాడు.

ఒక మాట నిజాయితీగా చెప్పాల. క్వార్ట్జ్ వల్ల ఉద్యోగం పోయిన వేలమందికి డేనియల్స్ కథ అన్నం పెట్టలేదు. ఆయన వాచీలు కొన్నది కొద్దిమంది డబ్బున్నోళ్లే. కాబట్టి "కష్టపడితే అందరికీ జాబ్ గ్యారంటీ" అని నేను చెప్పను. కానీ తను చేసే పనిలో రాపిడి యాడుందో ఆయనకు స్క్రూ స్క్రూ వరకూ తెలుసు. కోడ్ రాసే టూల్ వచ్చినా, ఆ కోడ్ యాడ రాసుకుంటుందో పట్టుకునే మనిషి కావాల్సిందే. అది నేర్చుకోవాలంటే పక్కోళ్లు రాసింది విప్పి, బాగుచేసి చూడాల. కాపీ కొట్టి సబ్మిట్ చేస్తే రాదు.

మీ పనిలో అట్లాంటి రాపిడి యాడుంది? కామెంట్లో రాయండి, అన్నీ చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి!