లేజరు శస్త్రము – కంటి జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు మొదటి సాధనము పుస్తకమని పలువురందురు. పుస్తకముకన్న ముందు కన్ను కావలయును. కావున నీ రజతోత్సవ సమయమున కంటిని గూర్చి, అందును కళ్లజోడు మాన్పించునని యువజనులు చెప్పుకొనుచున్న లేజరు శస్త్రచికిత్సను గూర్చి ముచ్చటించుట యనుచితము కాదు. పెండ్లి సంబంధము కొరకు కొందరు, ఉద్యోగము కొరకు కొందరు దీనికై తొందరపడుచున్నారు. తొందరపడువారు ముందుగా నెరుంగవలసినది యొకటి గలదు. ఇది కంటికి దేనినో చేర్చు చికిత్స కాదు, కంటినుండి కొంత తీసివేయు చికిత్స. తీసినది మరల పెరుగదు.

కంటి ముందుభాగమున గడియారపు అద్దమువలె నొక స్వచ్ఛమైన పొర యుండును. దానిని కార్నియా యందురు. కంట బడిన వెలుగును వంచు పనిలో మూడింట రెండు వంతులు దానిదే. హ్రస్వదృష్టి గలవారికి కనుగ్రుడ్డు ఉండవలసినదానికన్న పొడవుగా నుండుటచే, కాలువ నీరు చివరిమడికి చేరకమునుపే నిలిచిపోయినట్లు, బింబము వెనుకనున్న తెరకు చేరకమునుపే యేర్పడును. కార్నియా వంపును కొంచెము చదును చేసినచో బింబము తెరను చేరును. ఉపాయమింతియే. కష్టమంతయు చేతిలో నున్నది.

సుశ్రుతుని నాటికే మన దేశమున శుక్లమును సూదితో ప్రక్కకు ద్రోయు విద్య గలదు. కాని యది రోగమునకు చికిత్స. రోగము లేని కంటిని కోసి వంపు మార్చుట యిరువదవ శతాబ్దపు సాహసము. హోసే బరాకెర్ అను వైద్యుడు 1949లో ఈ యాలోచనను ప్రకటించి, తరువాతి యేండ్లలో కొలంబియా దేశమున బొగొటా నగరమందు కార్నియా పైపొరను బిళ్లగా కోసి, గడ్డకట్టించి, తరిమెనపై చెక్కి, మరల కంటికి కుట్టెను. 1970 తరువాత మాస్కోలో ఫ్యొదొరోవ్ బండిచక్రపు టాకులవలె కార్నియాపై గాట్లు పెట్టు పద్ధతిని ప్రచారము చేసెను. జోడు తొలగెను గాని, గాట్లచే బలము తగ్గిన కన్ను కాలము గడచినకొలది వంపు మార్చుకొని, కొందరికి దీర్ఘదృష్టిని తెచ్చిపెట్టెను.

లేజరు వచ్చిన కథ చిత్రమైనది. మద్రాసున 1929లో జన్మించిన రంగస్వామి శ్రీనివాసన్ అమెరికాలో ఐ.బి.ఎం. పరిశోధనాలయమున పనిచేయుచుండెను. 1981 నవంబరులో, అచటి థాంక్స్‌గివింగ్ పండుగ మరునాడు, విందులో మిగిలిన టర్కీకోడి ముక్కను తెచ్చి 193 నానోమీటర్ల అతినీలలోహిత లేజరు క్రింద నుంచెను. గాడి శుభ్రముగా తెగెను, ప్రక్కనున్న భాగము మాడలేదు. విందుశేషమునుండి యింతటి విద్య పుట్టునని యెవరు తలచిరి? ఆయనతో వైన్, బ్లమ్ అనువారును ఆ పరిశోధనలో భాగస్వాములు. ట్రోకెల్ అను నేత్రవైద్యునితో కలిసి శ్రీనివాసన్ పశువుల కండ్లపై దీనిని పరీక్షించి 1983లో ప్రకటించెను.

చూపుగల మనుష్యుని కంటిపై మొదట ప్రయోగించుట యెట్లు? 1988లో అమెరికాలో మార్గరెట్ మెక్‌డొనాల్డ్ అను వైద్యురాలికి ఆ యవకాశ మిచ్చినది యొక స్త్రీ. క్యాన్సరుచే ఆమె కన్ను తీసివేయవలసియుండెను. ఎటులైనను పోవు కంటిని ముందు ప్రయోగమున కుపయోగింపుడని ఆమె యొసగెను. తిన్నడు తన కన్ను పెకలించి శివున కర్పించెను. ఈమె పేరైనను ఎరుగని పరుల కర్పించెను. నేడు జోడు విడిచినవారిలో నామెను తలచువా రెందరు?

తరువాత 1990 ప్రాంతమున క్రీటు ద్వీపమున పల్లికారిస్, కార్నియాపై పుస్తకపు అట్టవలె నొక మూతను లేపి, లోపల లేజరుతో చెక్కి, మూతను మరల పరచు పద్ధతిని రూపొందించెను. అదియే లాసిక్. ఆ మూతను కోయుటకు నేడు సాధారణముగా కత్తికి బదులు ఫెమ్టోసెకండు లేజరును వాడుచున్నారు. సెకనును పదికోట్ల కోట్ల భాగములు చేసినచో నందొక భాగము ఫెమ్టోసెకండు. జర్మనీలో సెకుండో, బ్లూమ్ అను వైద్యులు ఈ లేజరుతో మూత లేకయే కార్నియా లోపల పల్చని కటకము నొకదానిని వేరుచేసి, 2 మొదలు 4 మిల్లీమీటర్ల చీలికగుండ బయటికి లాగు పద్ధతిని సాధించిరి. దానికి స్మైల్ అని పేరు. అమెరికా ప్రభుత్వ మనుమతి 2016లో లభించెను. లాసిక్ మూతకు చుట్టుకోత దాదాపు 20 మిల్లీమీటర్లు. చీలిక చిన్నదగుటచే కంటి పైనరములు తక్కువగా తెగును, మూత కదలునను భయ ముండదు. కాని చిన్న చీలిక యనగా చిన్న చికిత్స యని భ్రమపడరాదు. లోపల తీయబడు పొర తక్కువ కాదు, ఒక్కొక్కప్పుడు కొంచె మెక్కువయే.

ఇక జమాఖర్చు. కార్నియా నడిమి మందము సుమారు 540 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో సగముకన్న కొంచెము హెచ్చు. లాసిక్ మూతకు 110 మైక్రానులు. జోడు నెంబరులో నొక్కొక్క డయాప్టరునకు చెక్కుడు ఇంచుమించు 15. ఆరు నెంబరు వానికి 90. ఖర్చు వెరసి 200, నిలువ 340. మూత కంటిపైననే యున్నదిగదా యని దానిని జమలో వ్రాయరాదు, మునుపటి బలముతో నది యతుకదు. మూతక్రింద 250 యైన నిలువ యుండవలయునని వైద్యులు పెట్టుకొన్న హద్దు, అంతకన్న నెక్కువ కోరువారును గలరు. ఇప్పుడు 480 మందము, పది నెంబరు గల వేరొకని తీసికొనుడు. ఖర్చు 260, నిలువ 220. అతని లెక్క నిలువదు. అట్టివానికి కోసినచో కార్నియా కాలక్రమమున ముందుకు సాగి శంకువువలె వంకరపోవచ్చును. కొందరికి ఆ వ్యాధి లోపల ముందే దాగియుండును, కార్నియా వంపుల పటము తీసినగాని బయటపడదు.

అందుచే వైద్యుని సామర్థ్యము కోతలోకన్న కొలతలోను, వలదని చెప్పుటలోను తెలియును. పదునెనిమిదేండ్లు నిండవలయును, నెంబరు ఏడాదిపాటు స్థిరముగా నుండవలయును. గర్భిణులు, పాలిచ్చు తల్లులు ఆగవలయును. కాంటాక్టు కటకములు వాడువారు కొలతకు కొన్నాళ్లు ముందే వానిని మానవలయును, లేనిచో కొలత తప్పును. ఒక్క పూటలో కొలిచి, ఆ పూటనే కోసెదమను చోటు కనబడినచో చెప్పులు తొడుగుకొని వెనుదిరుగుట మేలు. చికిత్స సరిగా జరిగినను కొన్ని నెలలు కండ్లు పొడిబారుట, రాత్రివేళ దీపముచుట్టు వలయములు గానవచ్చుట గలదు. కొందరికవి విడువక నిలుచును.

మరియొకటి ఈ గ్రంథాలయపు చందాదారులలో పెద్దలకు. నలువది దాటిన పిమ్మట కంటిలోపలి కటకము బిరుసెక్కి, దగ్గరి అక్షరములు మసకబారును. ఈ లేజరు తాకునది పైపొరను, లోపలి కటకమును కాదు. కావున నిరువది యేండ్ల ప్రాయమున జోడు తీయించుకొన్నవాడును నలువదైదింటికి చదువుజోడు కొనవలసినదే. అంతకన్న విచిత్రము గలదు. రెండుమూడు నెంబరు హ్రస్వదృష్టి గలవాడు ముసలితనమున జోడు తీసి, పుస్తకమును చేరువకు తెచ్చుకొని సుఖముగా చదువగలడు. శస్త్రము చేయించుకొన్నచో ఆ సౌకర్యము పోవును. నలువదవయేట చికిత్స కోరువాడు తాను ప్రతిదినము చూచునది దూరపు బాటనా, చేతిలోని పుటనా యని తేల్చుకొని, ఆ మాట కొలతకు ముందే వైద్యునితో చెప్పవలయును.